లోతెక్కువైన పేరు

ఏ చేతికి కట్టుకోవాలన్నదే తేలలేదు. ఎడమ చెయ్యి ఉలి పట్టుకుంటుంది, దెబ్బ పడిన ప్రతిసారీ మణికట్టు దాకా అదురు పాకుతుంది. కుడి చెయ్యి సుత్తిది, దాని సంగతి చెప్పనక్కర్లేదు. పనిలో ఉన్నంతసేపూ తీసి జేబులో వేసుకోవచ్చు. కానీ నా జేబులో ఎప్పుడు చెయ్యి పెట్టినా గోళ్ల నిండా రాతిపొడే వస్తుంది. అంటే ఆ వాచీని ఆదివారాలు మాత్రమే కట్టుకోవాలి. ఆదివారం నేను ఎక్కడికీ వెళ్లను. ఇంట్లో మంచం మీద కూర్చుని టైం చూసుకోవాలి. ఇన్ని ఆలోచించాక మోజు తగ్గాలి కదా, పెరిగింది. ఆ ఎండాకాలమంతా నా బుర్ర అలాగే పనిచేసింది.

నేను రాళ్ల మీద పేర్లు చెక్కేవాణ్ని. ఆ ఏడు ఊళ్లో చందాలతో కొత్త ఆస్పత్రి కట్టారు. ముప్పై రెండు గదులకి గుమ్మం పలకలు, ముందు హాల్లో గోడకి దాతల పలక, అన్నీ నల్లరాయి, అన్నీ నాకే వచ్చాయి. దాతల పలక మీద నలభై ఒక్క పేర్లు. ఇచ్చినదాన్ని బట్టి అక్షరం సైజు. పైవాళ్లకి అంగుళమున్నర, మధ్యవాళ్లకి అంగుళం, కింది వరుసలవాళ్లకి అరంగుళం.

వాచీ బట్టల షాపాయనది. దాతల్లో ఆయన రెండోవాడు. తన పేరు ఎలా వస్తోందో చూసుకోవడానికి ఒకరోజు షెడ్డుకి వచ్చి, బూట్లకి పొడి అంటకుండా మునివేళ్ల మీద నడిచి, పలక ముందు నిలబడ్డాడు.

"మేస్త్రీ, నా పేరు మొదటాయన పేరుకంటే చిన్నగా కనిపిస్తోందే?"

"ఒకటే సైజండీ. ఆయన పేరు పొడుగు, అందుకని అలా ఉంటుంది."

"పోనీ నాకు ఇంటిపేరు పూర్తిగా రాస్తే?"

"రాయొచ్చండీ. ఆస్పత్రికి ఇంకో గోడ కట్టించాలి."

వెనకాల మావయ్య కిసుక్కున నవ్వబోయి దగ్గులో పడ్డాడు. బట్టల షాపాయన కూడా నవ్వాడు, మంచివాడే. పేరు మీద వేలు పెట్టి చూపిస్తున్నప్పుడు చొక్కా చెయ్యి పైకి జరిగి వాచీ బయటపడింది. పల్చటిది. పాలమీగడ రంగు ముఖం. అంకెల్లేవు, సన్నటి రెండు ముళ్లు. చప్పుడు కూడా లేదు. నా బతుకంతా చప్పుడే కనకనో ఏమో, ఆ చప్పుడు లేకపోవడం నన్ను పట్టేసింది.

మావయ్య అంటే మా ఆవిడకి బాబాయ్. మా షెడ్డులో పాలిష్ పని ఆయనది. నాకు ఉలి పట్టుకోవడం నేర్పిందీ ఆయనే. చదువు రాదు. నలభై ఏళ్లుగా పేర్ల మీద చేతులు తిప్పుతున్నాడు కానీ ఒక్క పేరూ చదవలేడు. నేను చెక్కాక బొటనవేలితో ఒక్కో అక్షరం తడిమి, ఎక్కడ గరుకు ఉందో చెప్పి, సన్నరాయితో అంచులు రుద్దుతాడు. నేను కళ్లద్దాలు పెట్టుకుని వెతికినా దొరకని తప్పు ఆ వేలికి దొరికేది. షెడ్డు మాత్రం నాది. నన్ను అల్లుడూ అని నోరారా పిలిచేవాడు, సాయంత్రం అయ్యేసరికి మిగతా కూలీల్లాగే వచ్చి చెయ్యి చాచేవాడు. ఆ క్షణంలో ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం కాదు.

ఎండలు ముదిరేసరికి కుళాయి ఎండింది. రాయి మీద గ్రైండింగ్ మిషన్ పెట్టేటప్పుడు నీళ్లు ధారగా పడుతూ ఉండాలి, లేకపోతే పొడి లేస్తుంది. రోజు విడిచి రోజు ట్యాంకర్ తెప్పించాలి. నేను తెప్పించలేదు.

"ఒక్క వారం మావయ్యా. గుమ్మం పలకలే కదా. పొడిగానే లాగించేద్దాం."

"పొడి మంచిది కాదు అల్లుడూ."

"ముక్కుకి తడిగుడ్డ కట్టుకోండి."

"తడపడానికి నీళ్లేవి?" అని నవ్వి, పొడిగుడ్డే కట్టుకున్నాడు.

ఆ వారం ఐదు వారాలైంది. ఆయన షెడ్డు లోపలి మూల కూర్చునేవాడు, నేను గాలి వచ్చే గుమ్మం దగ్గర. మధ్యాహ్నానికి ఆయన కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు, అన్నీ బూడిద రంగు. మనిషి ఎవరో సగం చెక్కి వదిలేసినట్టుండేవాడు. ట్యాంకర్‌కి ఇవ్వని డబ్బు ఏ రోజుకారోజు అరిగిపోయిన ఉలులు దాచే రేకుపెట్టెలో, వాటి అడుగున పెట్టాను. అందులో అంతకుముందు నుంచీ కొంత ఉంది. దేనికోసమో నాకే తెలియకుండా దాస్తూ వచ్చాను. ఇప్పుడు దానికొక ముఖం వచ్చింది, పాలమీగడ రంగు ముఖం.

అది తప్పని నాకు తెలియదా అంటే, తెలుసు. అయితే నాకు తెలిసిన సంగతి గుమ్మం బయట నిలబడ్డ మనిషిలా ఉండేది. తలుపు కొట్టదు, వెళ్లిపోదు.

పెట్టె నిండాక ఒక మధ్యాహ్నం వాచీల షాపుకి వెళ్లాను. చేతులు మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కుని వెళ్లాను. షాపులో చల్లగా ఉంది. నూనూగు మీసాల అమ్మకందారు నన్ను పైనుంచి కిందికి చూసి, చూడనట్టు ముఖం పెట్టి, నేను గుర్తులు చెబితే మెత్తటి నల్లగుడ్డ పరిచిన పళ్లెంలో అలాంటి వాచీయే తెచ్చాడు.

"పెట్టుకుని చూడండి సార్. చూడ్డానికి డబ్బులు తీసుకోం."

పెట్టాడు. చల్లగా ఉంది, బరువు లేదు. నేను మణికట్టు అటూ ఇటూ తిప్పాను. ఎక్కడి నుంచి రాలిందో, చొక్కా మడతలోంచో, చర్మం గీతల్లోంచో, సన్నటి బూడిద పొడి వాచీ అద్దం మీద పడింది. అతను జేబులోంచి చిన్న గుడ్డ తీసి తుడిచాడు. నేను చెయ్యి కదిపాను, మళ్లీ పడింది. మళ్లీ తుడిచాడు. ఆ రెండోసారి తుడవడంలోని మర్యాదే నన్ను చంపేసింది. ఒక్క మాట అన్నా కొనేసేవాణ్ని, పంతం కోసం.

"రేపు వస్తాను," అన్నాను.

"తప్పకుండా సార్," అన్నాడు, నేను రానని తెలిసినవాడిలా.

తల కొట్టేసినట్టయి షెడ్డుకి వచ్చాను. వచ్చేసరికి ఆస్పత్రి మేనేజరు దాతల పలక చూస్తున్నాడు. అడుగు వరుసలో ఇంకొక్క పేరుకి చోటు ఖాళీగా ఉంది.

"ఇక్కడ బోసిగా ఉంది మేస్త్రీ. ఎవరైనా దొరికితే బాగుండు. అరంగుళం అక్షరాలకి పెద్ద ఖర్చేం కాదు," అని ఎంతవుతుందో చెప్పాడు.

నా పెట్టెలో ఉన్నది దానికి సరిగ్గా సరిపోతుంది. "నేనిస్తాను," అన్నాను.

"మీరా!" అన్నాడు మేనేజరు. ఆ 'మీరా'లో ఎంత గౌరవం ఉందో ఇప్పటికీ చెవుల్లో ఉంది. "అయితే చెక్కేసుకోండి. డబ్బు నెలాఖరుకి ఇద్దురుగాని. మిమ్మల్ని నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతాం?"

నాకెంత తేలికైందో చెప్పలేను. వాచీ పిచ్చి వదిలిపోయింది, దానం చేస్తున్నాను, మంచివాణ్ని అయిపోయాను, అదీ ఒక్క మధ్యాహ్నంలో. పేరు మీద పొడి పడితే తుడవడానికి ఆస్పత్రి మనిషిని పెడుతుంది. ఎడమ చెయ్యా కుడి చెయ్యా అన్న బాధ లేదు. నేను కొంటున్నది వాచీ లాంటిదే అని అప్పుడు తోచలేదు. తోచిందేమో, తలుపు తియ్యలేదు.

ఆ రోజే మావయ్య వెళ్లాక చెక్కాను. నా పేరు నాలుగక్షరాలు. ముప్పై ఏళ్లుగా ఊరందరి పేర్లూ చెక్కాను కానీ నా పేరు నా చేత్తో రాతిలో చూడటం అదే మొదలు. సుత్తి ఎన్నిసార్లు పడిందో తెలియలేదు.

ఇంటికెళితే ఉక్కపోత. తువ్వాలు విసురుకుంటూ చుట్టూ చూశాను.

"ఫ్యానేదీ?"

మా ఆవిడ కుట్టు మిషన్ మీదనుంచి తలెత్తలేదు. బడి పిల్లల యూనిఫారాలు కుడుతోంది. "బాబాయ్ దగ్గరుంది."

"ఎప్పుడొస్తుంది?"

"ఎండాకాలం అయ్యాక."

"మరి మనకి?"

"మనకి కిటికీ ఉంది. ఆయన గదికి అదీ లేదు." దారం పంటితో తెంపింది. "రాత్రుళ్లు పడుకోలేకపోతున్నాడు. గోడకి ఆనుకుని కూర్చునే తెల్లవారుస్తున్నాడు. పొద్దున షెడ్డుకి వెళ్లకముందే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఊపిరితిత్తుల్లో రాతిపొడి గడ్డకట్టిందట. గాలి అందించే మిషన్ ఇంట్లో పెట్టుకోవాలట, లేకపోతే వానాకాలం చూడడట. మిషన్ ధర చెప్పాడు. నా దగ్గరున్నది దాని మూతికీ చాలదు."

పనిలో పొడి ఎప్పుడూ ఉండేదే కదా అనబోయి, నోట్లో మాట నోట్లోనే మింగేశాను.

"మీ దగ్గరేమైనా ఉందా?"

జేబులో ఉన్నవి తీసి, ఉన్నదంతా ఊడ్చిస్తున్నవాడి ముఖం పెట్టి, కుట్టు మిషన్ బల్ల మీద పెట్టాను. నాలుగు నోట్లు. ఆమె వాటిని చూసింది, నన్ను చూసింది.

"ఇంత పెద్ద మనసు ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ?" అంది. మళ్లీ కుట్టు మొదలుపెట్టింది. ఆ మిషన్ చప్పుడు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు.

ఆమెకి రేకుపెట్టె సంగతి తెలియదు. తెలిస్తే అడిగేది, అడిగితే ఇచ్చేవాణ్ని. అడగలేదు కాబట్టి ఇవ్వలేదు. ఇలా నాలో నేనే వాది, నేనే ప్రతివాది, తీర్పు చెప్పేవాడు మాత్రం ఎక్కడికో లేచి వెళ్లిపోయాడు. మాట ఇచ్చేశాను కదా, ఆస్పత్రి కూడా ఊపిరాడనివాళ్ల కోసమేగా అని కూడా అనుకున్నాను. ఆ మాట నిజమే. నిజమైన మాట అంత నీచంగా ఉండగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు ఎంత వద్దన్నా వినకుండా మావయ్య పనికి వచ్చాడు. దాతల పలక అంచులు రుద్దాలి, ఆ పని ఇంకొకరికి వదలడు. పలక పక్కన ముక్కాలిపీట వేసుకుని, కళ్లు మూసుకుని, పై వరుస నుంచి బొటనవేలు నడిపించాడు. నాలుగక్షరాలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. మేడమెట్లు ఎక్కుతున్నట్టు. మధ్యాహ్నానికి అడుగు వరుసకి వచ్చాడు. నా పేరు మీద వేలు ఆగింది. వెనక్కి వెళ్లింది, మళ్లీ వచ్చింది.

"అల్లుడూ, ఇదెవరిది?"

"ఏదీ?"

"ఈ చివరిది. మిగతావాటికంటే గోరంత లోతెక్కువ తవ్వావు. నువ్వెప్పుడూ ఇలా చెయ్యవే."

"చెయ్యి జారి ఉంటుంది."

"నాలుగక్షరాలకీ జారిందా?" అని నవ్వాడు, నవ్వు దగ్గైంది, దగ్గు చాలాసేపు ఆగలేదు. తేరుకున్నాక మళ్లీ అదే అక్షరాల మీద చెయ్యి వేశాడు. "ఎవరో పాపం. ఇంత చిన్న అక్షరాలంటే ఉన్నవాడు కాదు. తినేదాంట్లోంచి తీసిచ్చి ఉంటాడు. అందుకే నీ చెయ్యి కూడా వాడి దగ్గర గట్టిగా పడింది. చేతులకి తెలుస్తుంది అల్లుడూ. చల్లగా ఉండాలి మహానుభావుడు."

నా పేరుకి మిగతా పేర్లకంటే ఎక్కువసేపు సన్నరాయి పట్టాడు. ఊదాడు. ఊదడానికి ఊపిరి చాలక, తువ్వాలు కొసతో ఒక్కో అక్షరం లోపలా తుడిచాడు. నేను సుత్తి పట్టుకుని ఊరికే నిలబడ్డాను.

"మిగతాది రేపు చేస్తా," అన్నాడు తర్వాత. మిగిలింది పలక అంచు ఒక జానెడే. పని మధ్యలో వదిలి లేవడం నేను ఆయన దగ్గర అంతకుముందెప్పుడూ చూడలేదు. ఆ సాయంత్రం కూలీకి చెయ్యి చాచడం కూడా మర్చిపోయాడు.

నేను రేకుపెట్టె చంకన పెట్టుకుని ఇంటికి నడిచాను. మా ఆవిడ ఒళ్లో యూనిఫారాల గుట్ట పక్కకి తోసి, పెట్టె అక్కడ పెట్టాను. మూత తీసింది. మొద్దుబారిన ఉలులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. అడుగు కనిపించింది.

"ఇదెక్కడిది?"

"వాచీ."

"ఏ వాచీ?"

"కొననిది."

ఇంకా చెప్పాలి. ట్యాంకర్ సంగతి చెప్పాలి. చెప్పాను, గోడ వైపు చూస్తూ చెప్పాను. ఆమె ఆ ఉలుల్లో ఒకదాని మొన వేలితో తడుముతూ కూర్చుంది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే నాకు తేలికవుతుందని ఆమెకి తెలుసనుకుంటాను.

"బాబాయ్‌కి ఇది మీరిచ్చారని చెప్పను," అంది చివరికి. "చెబితే తీసుకోడు. ఆస్పత్రి వాళ్లిచ్చారంటాను."

"అలాగే చెప్పు," అన్నాను. ఎక్కడో లోపల చిన్న ముల్లు గుచ్చుకుంది. చెబితే ఏం పోయింది అనిపించింది. అంత జరిగాక కూడా!

గాలి మిషన్ కొన్నాక మిగిలింది నీళ్లకి సరిపోయింది. ట్యాంకర్ వచ్చి షెడ్డులో తొట్లన్నీ నింపింది.

నాలుగు రోజులకి మావయ్యని చూడటానికి వెళ్లాను. మంచానికీ గోడకీ మధ్య మా ఫ్యాను తిరుగుతోంది. పక్కనే మిషన్, బడికి కొత్తగా వచ్చిన పిల్లాడిలా సన్నగా మూలుగుతోంది. ఆయన ముక్కుకి గొట్టం. వెల్లకిలా పడుకుని ఉన్నాడు, ఆయన పడుకోవడం చూసి ఎన్నాళ్లయిందో.

"చూశావా అల్లుడూ నా దర్జా!" అన్నాడు. "గాలి కూడా ఇంటికి తెప్పించుకుంటున్నా."

"ఎలా ఉంది?"

"నిద్ర పట్టింది. ఆస్పత్రి వాళ్లు ఊరికే ఇచ్చారట, అమ్మాయి చెప్పింది. అంటే మన పలక మీదివాళ్లు ఇచ్చిందేగా?"

"ఆఁ."

"ఆ చివరాయన ఉన్నాడు చూడు, లోతక్షరాలాయన. ఆయనదీ ఇందులో ఉన్నట్టే." కళ్లు మూసుకున్నాడు. బొటనవేలు దుప్పటి మీద ఏదో రాస్తున్నట్టు కదిలింది. "ఆయన పేరేంటో ఒకసారి చదివి చెప్పు. రోజూ ఒకసారి తలుచుకుంటా."

నాలుక చివర దాకా వచ్చింది. నాలుగక్షరాలు. అబద్ధం కూడా కాదు. ఆయన నవ్వుతాడు, కళ్లనీళ్లు పెట్టుకుంటాడు, నా చెయ్యి పట్టుకుంటాడు. ఆ చెయ్యి పట్టుకోవడం నాకు ఎంత కావాలనిపించిందో! వాచీ కూడా అంత కావాలనిపించలేదు.

"గుర్తులేదు మావయ్యా," అన్నాను.

"రేపు చూసి చెప్పు మరి."

అక్కణ్నుంచి నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్లాను. డబ్బు ఇవ్వలేనని చెప్పాను.

"అదేంటి మేస్త్రీ, పేరు చెక్కేశారుగా! పోనీలెండి, మీ బిల్లులోంచి కొంచెం కొంచెంగా పట్టుకుంటాం. పేరు ఉండనివ్వండి. చెక్కిన పేరు తీస్తే బాగోదు."

"వద్దండీ. బిల్లుతో ఇంకో ఆరు నెలలు నీళ్లు కొనాలి."

"ఏం నీళ్లు?" అన్నాడు. అర్థం కాలేదతనికి. "పన్నెండు రోజుల్లో ప్రారంభం. అప్పటికి పలక గోడ మీద ఉండాలి, అంతే."

రాతిలో ఒక్క పేరు తీయడం కుదరదు. అక్కడొక్కచోటే అరగదీస్తే గుంట పడుతుంది, వెలుతురు పడగానే ఊరంతటికీ కనిపిస్తుంది. పలక ముఖం మొత్తం, మూల నుంచి మూలకి, అక్షరాల లోతు పోయేదాకా దించాలి. అంటే నలభై రెండు పేర్లూ పోవాలి, నలభై ఒకటి మళ్లీ చెక్కాలి. రోజుకి నాలుగు చొప్పున, చేతులు అడ్డం తిరగకపోతే పదకొండు రోజుల్లోపు అవుతుంది. అరగదీయడానికి ఒక పగలు.

పొద్దున్నే షెడ్డు తెరిచాను. మావయ్య మూలలో, ఆయన పీట పక్కన, పలక నేలమీద పరిచి పైపు పెట్టాను. నీళ్లు ధార కట్టాయి. గ్రైండింగ్ మిషన్ పెట్టాను. పొడి లేవలేదు. బూడిద రంగు నీళ్లు పలక మీదనుంచి జారి నా కాళ్ల మధ్యనుంచి గుమ్మం బయటికి పోయాయి. ముందు అరంగుళం అక్షరాలు పలచబడ్డాయి, తర్వాత అంగుళంవి, ఆ తర్వాత బట్టల షాపాయన, ఆయన పైన మొదటాయన. మధ్యాహ్నం దాటాక మిషన్ ఆపి, చేత్తో నీళ్లు పక్కకి నెట్టి చూశాను.

పలకంతా ఖాళీ. అడుగున, కుడివైపు, ఒక్క పేరే మిగిలి ఉంది. గోరంత లోతెక్కువ తవ్వింది. ఊళ్లో ఇంకెవరూ ఏమీ ఇవ్వనట్టు అంత పెద్ద నల్లరాయి మీద అదొక్కటే, నాలుగక్షరాలూ చక్కగా, మావయ్య రుద్దిన నునుపుతో. తడిలో మెరుస్తోంది.

నేను దాన్ని ఎంతసేపు చూశానో తెలియదు. చేతికి వాచీ లేదు.

బొటనవేలు పెట్టి తడిమాను. తర్వాత పైపు కొస దాని మీదికి తిప్పి, మిషన్ మళ్లీ పెట్టాను.